బెట్టింగ్‌పై ఎవరి మాట చెల్లాలి: వాషింగ్టన్‌దా, రాష్ట్రాలదా?

(స్టూడియోలో ఒక రాజ్యాంగ న్యాయవాది, వ్యసన విముక్తి కౌన్సెలర్. న్యూజెర్సీ నుంచి వీడియోలో ఒక తెలుగు పాత్రికేయుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో ఇవాళ టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ పెడితే బ్రేక్ వచ్చినప్పుడల్లా బెట్టింగ్ యాప్ ప్రకటనే. 2018కి ముందు, నెవాడా వదిలేస్తే, ఆటల మీద పందేనికి దాదాపు ఎక్కడా చట్టబద్ధమైన దారి లేదు. అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, మనసు మార్చుకుందా అంటే అదీ లేదు. సుప్రీంకోర్టు తీర్పుతో గేట్లు తెరుచుకున్నాయి. లాయర్ గారూ, మీతోనే మొదలుపెడదాం. బెట్టింగ్ తప్పు కాదని కోర్టు అన్నదా?

న్యాయవాది: అనలేదండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. 1992లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, పాస్పా అంటారు. పందెం కాసిన మనిషిని అది నేరస్థుణ్ణి చేయలేదు. ‘మీరు బెట్టింగ్‌ను అనుమతించకూడదు, లైసెన్సులు ఇవ్వకూడదు’ అని రాష్ట్రాలకు హుకుం జారీ చేసింది. నెవాడా, డెలవేర్, ఓరెగాన్, మోంటానాలకు మాత్రం అంతకుముందు ఉన్నంత మేర మినహాయింపు. అంటే అసలు పని కేంద్రం చేయదు, రాష్ట్ర అసెంబ్లీల చేతులు కట్టేసి వాళ్లతో చేయిస్తుంది. కోర్టుకు అభ్యంతరం దానిమీదే.

పాత్రికేయుడు: ఇక్కడ ఒక సంగతి చెప్పాలండీ. ఆ బిల్లు కోసం గట్టిగా నిలబడింది మా న్యూజెర్సీ సెనేటర్ బిల్ బ్రాడ్లీయే. న్యూయార్క్ నిక్స్‌కు ఆడిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఆట మీద జనం నమ్మకం పోతుందని ఆయన భయం. అట్లాంటిక్ సిటీ క్యాసినోల కోసం న్యూజెర్సీకి ఏడాది గడువిచ్చారు. రాష్ట్రం వాడుకోలేదు. తర్వాత క్యాసినోల ఆదాయం పడిపోయాక కళ్లు తెరిచింది. 2011లో ఓటర్లు సరేనన్నారు, 2012లో చట్టం వచ్చింది. వెంటనే ఎన్‌సీఏఏ, ఎన్‌ఎఫ్‌ఎల్, ఎన్‌బీఏ లాంటి క్రీడా సంస్థలన్నీ కలిసి కేసు వేశాయి. రాష్ట్రం ఓడిపోయింది. 2014లో ఇంకో దారి పట్టింది. ‘మేం కొత్తగా అనుమతి ఇవ్వడం లేదు, క్యాసినోల్లో, గుర్రప్పందేల మైదానాల్లో ఉన్న నిషేధం ఎత్తేస్తున్నాం, అంతే’ అంది. అప్పీలు కోర్టులో దానికీ ఓటమే.

వ్యాఖ్యాత: మరి సుప్రీంకోర్టులో నిలిచిందెలా?

న్యాయవాది: ఆ రెండో ఎత్తే నిలబెట్టింది. ఉన్న నిషేధాన్ని కూడా ఎత్తేయకూడదంటే, ఓటర్లు వద్దన్న చట్టాన్ని రాష్ట్రం బలవంతంగా మోస్తూ ఉండాలని కేంద్రం శాసిస్తున్నట్టే కదా? కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలవేనని చెప్పే అమెరికా రాజ్యాంగం పదో సవరణ ప్రకారం అది కుదరదు. 1997లో ప్రింట్జ్ కేసులో ఇదే సూత్రం. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీయమని స్థానిక షెరీఫులకు వాషింగ్టన్ పని పురమాయించకూడదన్నారు. 2018 మే 14న జస్టిస్ అలీటో రాసిన తీర్పులో కీలకం ఒకటే: క్రీడా పందేలను కాంగ్రెస్ నేరుగా నియంత్రించవచ్చు. అది ఆ పని చేయకపోతే ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది.

కౌన్సెలర్: నా బాధ ఆ రెండో వాక్యం దగ్గరేనండీ. మొదటి సగాన్ని కాంగ్రెస్ ఇప్పటిదాకా ముట్టుకోలేదు. పాత చట్టం పోయింది, కొత్తది రాలేదు. నెల తిరక్కుండానే కంపెనీలు దిగిపోయాయి.

పాత్రికేయుడు: నిజమే. జూన్ 14న మోన్‌మత్ పార్క్ రేస్ కోర్సులో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ స్వయంగా పందెం కాసి కౌంటర్ ప్రారంభించారు. ఇప్పుడు 39 రాష్ట్రాలు, పైన రాజధాని వాషింగ్టన్. చివరగా చేరింది మిస్సోరీ, 2025 డిసెంబర్‌లో. కాలిఫోర్నియా ఓటర్లు 2022లో రెండు ప్రతిపాదనలనూ తిప్పికొట్టారు. టెక్సస్‌లో ఇంకా లేదు. అంటే డాలస్‌లో ఉన్న మనవాడికి కుదరనిది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మనవాడికి సోఫాలోంచి లేవకుండానే అయిపోతుంది.

వ్యాఖ్యాత: ఫోన్‌కు సరిహద్దు ఎలా తెలుస్తుందండీ?

పాత్రికేయుడు: పందెం పెట్టే క్షణంలో ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందో యాప్ కనిపెడుతుంది. న్యూయార్క్‌లో మొబైల్ బెట్టింగ్ 2022 జనవరిలోగానీ రాలేదు. అప్పటిదాకా మాన్‌హట్టన్ కుర్రాళ్లు జార్జ్ వాషింగ్టన్ వంతెన మీద సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చేవాళ్లు. వంతెన దాటి న్యూజెర్సీ వైపు దిగగానే సైకిల్ ఓ పక్కకు ఆపి, ఫోన్ తీసి, ఆదివారం మ్యాచ్‌ల మీద పందేలు పెట్టేసి, మళ్లీ అటే తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఆ డబ్బు పక్క రాష్ట్రానికి పోతుంటే న్యూయార్క్ ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటుంది? అనుమతి ఇచ్చి, కంపెనీల రాబడి మీద 51 శాతం పన్ను వేసింది. మా దగ్గర ఆన్‌లైన్ పన్ను 13 శాతం ఉండేది, 2025లో 19.75 చేశారు.

కౌన్సెలర్: చూశారా, పక్కవాడు తింటున్నాడని తనూ విస్తరి వేసుకోవడం! దీన్ని రాష్ట్రాల స్వేచ్ఛ అంటే నేను ఒప్పుకోను. బడ్జెట్‌లో ఆ డబ్బు ఒకసారి కలిసిపోయాక ఏ ఆర్థిక మంత్రి వదులుకుంటాడు? నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఫోన్ తీసి చూపించాడు. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది కాదు. తర్వాతి బంతికి ఫోరా, డాటా, వికెట్టా. ఓవర్‌కు ఆరు పందేలు. ఓడిన బాధ దిగేలోపే ఇంకో బంతి. అమెరికాలో బేస్‌బాల్ మీదా ఇంతే, తర్వాతి బంతి మీద పందెం. ఇంకోటి వినండి. ‘నన్ను ఆడనివ్వకండి’ అని తన పేరు తానే నిషేధ జాబితాలో రాయించుకునే సౌకర్యం అక్కడ ఉంది. మంచిదే. కానీ ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే. నది దాటితే మళ్లీ మొదటికి.

న్యాయవాది: దానికి మందు రాసిపెట్టే ఉందండీ. ప్రతినిధుల సభ సభ్యుడు పాల్ టాంకో, సెనేటర్ బ్లూమెంథాల్ 2024లో సేఫ్ బెట్ యాక్ట్ అని బిల్లు పెట్టారు. దేశం మొత్తానికి ఒకే నిషేధ జాబితా, క్రెడిట్ కార్డుతో డబ్బు వేయడం బంద్, 24 గంటల్లో ఐదు కంటే ఎక్కువసార్లు డబ్బు జమ చేయనివ్వకపోవడం. చట్టం కాలేదు.

వ్యాఖ్యాత: మన దగ్గర సంగతేమిటి? క్లుప్తంగా చెప్పండి.

న్యాయవాది: మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో పందేలు, జూదం రాష్ట్ర జాబితా, 34వ అంశం. అందుకే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో సొంతంగా నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది. రాష్ట్రాల అంశంలో కేంద్రం ఎలా వేలు పెడుతుందని కంపెనీలు కోర్టుకెక్కాయి. మన దగ్గర 256, 257 అధికరణల కింద కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలు ఇవ్వగలదు. అమెరికాలో కుదరనిది అదే. కాబట్టి ఆ తీర్పును ఇక్కడికి అతికించలేం.

వ్యాఖ్యాత: అక్కడ ఇప్పుడు కాల్షీ గొడవ నడుస్తోంది కదా, అది చెప్పండి.

పాత్రికేయుడు: కాల్షీ తనను బెట్టింగ్ కంపెనీ అనుకోదు, ఎక్స్ఛేంజ్ అంటుంది. ఫలానా జట్టు గెలుస్తుందా, అవునా కాదా అని కాంట్రాక్టు అమ్ముతుంది. గెలిస్తే డాలర్, ఓడితే సున్నా. గోధుమలు, చమురు ఫ్యూచర్స్‌ను (ముందే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలను) చూసే సీఎఫ్‌టీసీ అనే కేంద్ర సంస్థ కింద రిజిస్టర్ అయింది కాబట్టి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదంటుంది. 2025 జనవరిలో ఆటల కాంట్రాక్టులు మొదలుపెట్టింది. న్యూజెర్సీ ఆపమంది. ఏప్రిల్‌లో ఇక్కడి ఫెడరల్ జడ్జి కాల్షీ వైపు మొగ్గారు. ఆగస్టులో మేరీల్యాండ్ జడ్జి సరిగ్గా ఎదురు చెప్పారు.

న్యాయవాది: కేంద్రం అడ్డుకుంటోందని ఆరేళ్లు పోరాడి గెలిచిన రాష్ట్రం, ఇప్పుడు కేంద్ర లైసెన్సు చూపించి తన గడప దాటి వస్తున్న వాళ్లతో పోరాడుతోంది. రాష్ట్రం వాదనే నాకు బలంగా కనిపిస్తోంది. జూదాన్ని దేశమంతటా తెరవాలనుకుంటే కాంగ్రెస్ ఆ మాట బాహాటంగా చట్టంలో రాయాలి. ఫ్యూచర్స్ చట్టం మాటున జరిగిపోకూడదు.

పాత్రికేయుడు: కంపెనీ వైపు కూడా ఒక మాట చెప్పాలండీ. కొనేవాడు పందెం కాసేది కంపెనీతో కాదు, ఎదుటి కొనుగోలుదారుడితో. బెట్టింగ్ యాప్‌ల్లోలా తరచూ గెలిచేవాణ్ణి బయటికి గెంటే అలవాటు అక్కడ లేదు.

కౌన్సెలర్: డబ్బు పోగొట్టుకున్నవాడికి అవతల ఎవరున్నా ఒకటేనండీ. నేను వయసు అడుగుతాను. న్యూజెర్సీలో పందెం కాయాలంటే?

పాత్రికేయుడు: 21 నిండాలి.

కౌన్సెలర్: కాల్షీలో?

పాత్రికేయుడు: 18 చాలు.

కౌన్సెలర్: అంటే కాలేజీలో అప్పుడే చేరిన పిల్లాడు. రాష్ట్రం వద్దన్న పిల్లాడికి కేంద్రం పేరు చెప్పి అమ్ముతున్నారు. సీఎఫ్‌టీసీ ఆపలేదా?

న్యాయవాది: ఆపగలదు. ప్రజాహితానికి విరుద్ధమని తేలిస్తే జూదం కాంట్రాక్టులను వద్దనే అధికారం 2010లో వచ్చిన డాడ్ ఫ్రాంక్ అనే ఆర్థిక సంస్కరణల చట్టం దానికి ఇచ్చింది. ఆటల మీద దాన్ని వాడలేదు.

కౌన్సెలర్: సరే, కాంగ్రెస్ సంగతి చెప్పండి. పేరు ఎక్స్ఛేంజైనా, బెట్టింగైనా, 21 నిండనివాడికి దేశంలో ఎక్కడా అమ్మకూడదని కంపెనీల మీద నేరుగా చట్టం చేస్తే అలీటో తీర్పు అడ్డొస్తుందా?

న్యాయవాది: రాదండీ. అంతర్రాష్ట్ర వాణిజ్య అధికారం కింద రేపే చేయొచ్చు. ఏ రాష్ట్ర అసెంబ్లీ అనుమతీ అక్కర్లేదు.