వైజాగ్‌లో స్థిరపడతారా? ముందు ఉక్కపోత సంగతి వినండి

నమస్కారమండీ. రిటైరయ్యాక వైజాగ్ వచ్చేద్దామనుకుంటున్నాం, అక్కడ ఎండలు ఎలా ఉంటాయని చాలామంది అడుగుతున్నారు. అందులో హైదరాబాద్ వాళ్లే ఎక్కువ. మే నెలలో హైదరాబాద్‌లో 40 దాటుతుంది, విజయవాడ కొన్నేళ్లు 45 దాకా పోతుంది, వైజాగ్ బీచ్ దగ్గర 35 అటూ ఇటూ ఉంటుంది. ఈ అంకెలు చూసి మనసు పారేసుకుంటారు.

అంకెలు నిజమే. కానీ ఒంటికి తెలిసేది ఉక్క. గాలిలో తేమ 70, 75 శాతం ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి పొడి. అందుకే ఎంత ఎండ కాసినా తెల్లవారుజామున కాస్త హాయి. ఇక్కడ మేలో అర్ధరాత్రి దాటినా 28 దగ్గరే ఉంటుంది. కరెంటు పోయిందా, దిండు తడిసిపోతుంది. ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లుంటే పగటి ఎండ కన్నా ఈ రాత్రుల గురించే ముందు ఆలోచించాలి.

మనల్ని కాపాడేది సముద్రపు గాలి. పొద్దెక్కేసరికి నేల వేడెక్కి, పైనున్న గాలి తేలిపోతుంది; ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పడమటి గాలి గట్టిగా కొట్టిన రోజు మాత్రం ఈ సముద్రపు గాలి లోపలికి రాదు. అలాంటి రోజున వైజాగ్‌లోనూ 40 చూస్తాం. బీచ్ రోడ్డు కన్నా ఎయిర్‌పోర్ట్ వైపు వేసవి పగళ్లు ఎప్పుడూ వేడే. ఎండాకాలం గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి, ఫ్లాట్ చూసేటప్పుడు దక్షిణం, పడమర వైపు కిటికీలకు అడ్డంగా మరో అపార్ట్‌మెంట్ ఉందేమో తప్పకుండా చూడండి. సముద్రం కనపడటం వేరు, గాలి రావడం వేరు.

సముద్రానికి ఆనుకుని మొదటి వరుసలో నేనైతే తీసుకోను. ఉప్పుగాలికి గేటు బందులు, గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్ త్వరగా పాడైపోతాయి. కాస్త వెనక్కి, ఎత్తు మీద, వాల్తేరు అప్‌ల్యాండ్స్ లాంటి చోటు నాకు ఇష్టం. గెడ్డ (వాన నీళ్లు పారే వాగు) పక్కన స్థలం ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

తుఫాన్ల మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. కైలాసగిరి మీద పచ్చదనం ఒక్కరోజులో పోయింది, చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆ భయం ఏటా ఉంటుంది.

డిసెంబర్, జనవరి మాత్రం అద్భుతం. కానీ అందరూ అప్పుడే వచ్చి, అప్పుడే అడ్వాన్సు ఇచ్చేస్తారు. మీరు మేలో రండి. నాలుగు రోజులు అద్దెకుండి, ఏసీ వేయకుండా కిటికీలు తీసి పడుకోండి. నిద్ర పడితే, ఇల్లు చూద్దురుగాని.