లెక్కలోంచి తనను తీసేసుకున్న జాన్ స్నో

[తెరపై: చచ్చిపడి ఉన్న తల్లి డైర్‌వుల్ఫ్ (భారీ తోడేలు), పక్కన దాని కూనలు]

నమస్కారం. 2011 ఏప్రిల్ 17న హెచ్‌బీఓలో ప్రసారమైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తొలి ఎపిసోడ్‌లో జాన్ స్నో ఎలాంటివాడో ఎవరూ మనకు చెప్పరు. ఒక చిన్న లెక్కలో మనమే తెలుసుకుంటాం. తల్లి లేని కూనలు ఎలాగూ బతకవు కాబట్టి చంపేయడమే మేలని స్టార్క్ వంశ పెద్ద నెడ్ స్టార్క్ తేలుస్తాడు, ఆ ఇంట్లోనే పెరుగుతున్న థియాన్ కత్తి దూస్తాడు, నెడ్ కొడుకు, చిన్నవాడైన బ్రాన్ వద్దని బతిమాలతాడు. అప్పుడు జాన్ జీవకారుణ్యం మీద ఉపన్యాసం ఇవ్వడు. కూనలు ఐదు ఉన్నాయని, స్టార్క్ సంతానమూ ఐదుగురేనని, డైర్‌వుల్ఫ్ ఆ వంశ చిహ్నం కనుక ఇవి వాళ్లకోసమే వచ్చాయని నెడ్‌కు గుర్తుచేస్తాడు.

[తెరపై: జాన్ ముఖం, దగ్గరగా]

నిజానికి నెడ్ బిడ్డలుగా ఆ ఇంట్లో పెరుగుతున్నవాళ్లు ఆరుగురు; ఆరోవాడు జాన్, నెడ్‌కు పెళ్లి బయట పుట్టిన కొడుకుగా పెరుగుతున్నవాడు, స్టార్క్ పేరు లేనివాడు. లెక్క ఐదుకు కుదరాలంటే ఒకరిని తీసేయాలి. జాన్ తననే తీసేసుకున్నాడు. మరి నీకో అని బ్రాన్ అడిగితే, తాను స్టార్క్‌ను కానని ముక్తసరిగా జవాబిస్తాడు. ఆ వెంటనే తెల్ల కూన ఒకటి అతనికి దొరుకుతుంది గానీ, నా మట్టుకు అది దొరకకపోయినా సన్నివేశానికి లోటుండేది కాదు.

హీరో పదిమందిని నరికితే అతనికి కత్తి తిప్పడం వచ్చని తెలుస్తుంది, అంతే. ఊరుకుంటే తనకు పోయేదేమీ లేనిచోట, తనకే నష్టమని తెలిసి కూడా ముందుకొచ్చినప్పుడు లోపలి మనిషి కనిపిస్తాడు. అదే గుణం అతని కొంప ముంచవచ్చు కూడా.

[తెరపై: యుద్ధభూమి, పరుగెత్తుతున్న రికన్]

2016 జూన్ 19న వచ్చిన ఆరో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో స్టార్క్‌ల కోటను ఆక్రమించిన రాంసే మీదికి జాన్ యుద్ధానికి వెళతాడు; అతని సైన్యం శత్రుసైన్యంలో సగం కూడా లేదు. అందుకే శత్రువే ముందు కదిలేదాకా ఆగాలని రాత్రే నిర్ణయించుకున్నారు; రాంసే పన్నే ఉచ్చులో పడవద్దని, అతని చేతిలో బందీగా ఉన్న చిన్న తమ్ముడు రికన్ ఇక ప్రాణాలతో దక్కడని చెల్లెలు సాన్సా ముందే హెచ్చరించింది. తెల్లవారాక రాంసే రికన్‌ను వదిలి పరుగెత్తమంటాడు, వెనకనుంచి బాణాలు వేస్తాడు. జాన్ గుర్రాన్ని ఒంటరిగా దౌడు తీయిస్తాడు. చెయ్యి అందేంత దూరంలో ఉండగా బాణం రికన్ గుండెను చీల్చుకుని వస్తుంది. అయినా జాన్ వెనుదిరగక శత్రువు వైపే దూసుకుపోతాడు. (ఆ బాణాల వానలో గుర్రం కూలినా అతనికి ఒక్క బాణమూ తగలకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.)

తమ్ముళ్ల కోసం తనను లెక్కలోంచి తీసేసుకునే ఆ జాన్‌కు, ఇప్పుడు తన వెనక నిలబడ్డ రెండు వేల పైచిలుకు మందీ లెక్కలోకి రాలేదు.

[తెరపై: ఎదురుగా వస్తున్న అశ్వదళం, ఒంటరిగా జాన్]

గుర్రం కూలాక లేచి నిలబడి, కత్తి దూసి ఎదురుచూస్తాడు. అతణ్ణి కాపాడుకోవడానికి వెనక ఉన్నవాళ్లు రాత్రి వేసుకున్న పథకాన్ని వదిలేసి, మైదానంలోకి దూకక తప్పలేదు.