అభిమానుల పేరుతో మాట్లాడే హక్కు ఎవరిచ్చారు?

అందరికీ నమస్తే. 2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆ వార్త వచ్చినప్పుడు మన అనంతపురం ఫుట్‌బాల్ జనం నోట వినిపించిన మాట ఒక్కటే: "అభిమానుల్ని ఒక్క మాటైనా అడగాలి కదప్పా!" కోపం న్యాయమైనదే. కానీ అడగాలనుకుంటే ఎవర్ని అడగాలి? గచ్చిబౌలి స్టేడియంలో డప్పు కొట్టే కుర్రాళ్లనా? జెర్సీ కొనుక్కుని ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లనా? అభిమానుల సంఘం అంటూ ఒకటి ఉంటే, దాని మాటే అందరి మాట అయిపోతుందా?

ఇంకో సంగతి మనం తేలిగ్గా మర్చిపోతాం. 2019లో హైదరాబాద్‌కి ఈ క్లబ్బు వచ్చిందే ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడి, లీగ్‌లో దాని చోటు ఖాళీ అయినందుకు. ఆ రోజు పుణె వాళ్ల బాధ గురించి మనలో ఎవరం నోరెత్తలేదు. మనకు క్లబ్బు వచ్చింది, చాలు అనుకున్నాం. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కూడా కొట్టాం. ఆ ఫైనల్ గోవాలో జరిగింది. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం అక్కడే ఆడించారు. చివరికి ఫైనల్‌కి జనాన్ని రానిస్తే స్టాండ్లన్నీ ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగే. కప్పు మాత్రం పెనాల్టీల్లో మనది. స్టేడియంలో తలలు లెక్కపెట్టి ఎవరి అభిమానం ఎంతో తేలిస్తే ఆ రోజు మనం లేనట్టే.

సంఘం అంటే ఏంటో తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. సినిమా రిలీజ్ రోజు సప్తగిరి సర్కిల్ వైపు వెళ్లి ఫ్లెక్సీ చూడండి. పైన హీరో ఆకాశమంత. కింద స్టాంపు సైజు ఫొటోలు వరసగా: పట్టణ అధ్యక్షుడు, గౌరవ అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి. ఆ అధ్యక్షుడికి ఎవరైనా ఓటేశారా? ఫ్లెక్సీ డబ్బు ఎవరు పెట్టుకుంటే ఫొటో వాళ్లది. బాల్కనీలో నిశ్శబ్దంగా సినిమా చూసి ఇంటికి పోయే ఆడవాళ్లు కూడా అభిమానులే, ఏ ఫ్లెక్సీలోనూ కనపడరు. ఫుట్‌బాల్ గ్రూపులు చాలావరకు ఇదే పద్ధతిలో పుడతాయి. అది నేరమేం కాదు. ఎవరో ఒకరు పూనుకోకపోతే ఏ పనీ మొదలవ్వదు. "నేను పూనుకున్నాను" అన్నవాడు "నేను అందరి తరఫున చెబుతున్నాను" అన్నప్పుడే పేచీ.

మన జిల్లాలో ఫుట్‌బాల్ బతికిందంటే అందులో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాటా పెద్దది. దాన్ని ఇక్కడ స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడు. అందుకేనేమో ఇక్కడి గ్రౌండ్లలో బార్సిలోనా జెర్సీ అంటే సొంత ఊరి జెర్సీలాగే చూస్తారు. ఆ క్లబ్బు సంగతే తీసుకోండి. దానికి యజమాని లేడు, సభ్యులే యజమానులు. ప్రెసిడెంట్‌ని వాళ్లే ఎన్నుకుంటారు. 2020లో అప్పటి ప్రెసిడెంట్ బార్తొమేవు పాలన నచ్చని సభ్యులు అవిశ్వాసం కోసం 20 వేలకు పైగా సంతకాలు సేకరించారు. ఓటింగ్ దాకా కూడా పోలేదు. అక్టోబర్ 27న ఆయనే బోర్డుతో సహా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. నాకు ముఖ్యంగా కనపడేది ఇదీ: దింపే దారి ఉంది. మీ గ్రూపు నాయకుణ్ని మీరు దింపగలరా? వాట్సాప్ అడ్మిన్‌ని ఎదిరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు, మిమ్మల్నే రిమూవ్ చేస్తాడు.

అలాగని బార్సిలోనా పద్ధతి అందరికీ న్యాయం చేస్తుందనీ అనలేను. 2021 మార్చిలో లపోర్తాని ప్రెసిడెంట్‌గా గెలిపించిన ఎన్నికల్లో ఓటేసింది సుమారు 55 వేల మంది. ప్రపంచమంతా కోట్లమంది ఆ క్లబ్బు చొక్కా వేసుకుంటారు, మన వాడితో సహా. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసి, పొద్దున కాలేజీలో తూలుతున్నవాడికి అక్కడ ఓటు లేదు. ఉండాలా అంటే, వద్దనే అంటాను. టికెట్ ధర పెరిగితే జేబు చిల్లుపడేది అక్కడివాళ్లకి కదా.

టికెట్ ధర అంటే ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ గుర్తొస్తుంది. 2016 ఫిబ్రవరి 6, సండర్‌లాండ్‌తో మ్యాచ్. వచ్చే సీజన్‌కి కొన్ని సీట్ల టికెట్ 77 పౌండ్లు చేస్తామని క్లబ్బు ప్రకటించింది. స్పిరిట్ ఆఫ్ షాంక్లీ లాంటి అభిమానుల గ్రూపులు ఒక మాట అనుకున్నాయి: 77వ నిమిషంలో లేచి బయటికి నడుద్దాం. అప్పటికి లివర్‌పూల్ 2-0 లీడ్‌లో ఉంది. గెలుస్తున్న మ్యాచ్ వదిలేసి దాదాపు 10 వేల మంది నిజంగానే లేచి వెళ్లిపోయారు. మ్యాచ్ చివరికి 2-2 అయింది, అది వేరే నవ్వులాట. కొద్ది రోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు.

లెక్క చూడండి. స్టేడియంలో దాదాపు 44 వేల మంది, లేచింది 10 వేలు. మెజారిటీ కూర్చునే ఉంది. మరి ఆ గ్రూపులు అభిమానులకు ప్రతినిధులా, కాదా? నా లెక్కలో ఆ రోజుకి ప్రతినిధులే. ఎందుకంటే వాళ్లు అడిగింది అందరి జేబుకీ సంబంధించింది. కూర్చున్నవాళ్లలో ధర పెంచమని కోరినవాడు ఎవడుంటాడు? అదే గ్రూపు రేపు ఫలానా కోచ్‌ని తీసేయాలి అంటే మాత్రం నేను నమ్మను. కోచ్ విషయంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న తండ్రీకొడుకులకే కుదరదు.

కేరళలో టికెట్ గొడవ, కోచ్ గొడవ రెండూ కలిసిపోయాయి. 2024 డిసెంబర్‌లో బ్లాస్టర్స్ వరసగా ఓడుతుంటే వాళ్ల అభిమానుల మంజప్పడ గ్రూపు మేనేజ్‌మెంట్ మీద ఆగ్రహంతో, ఇక టికెట్లు తీసుకుని అమ్మిపెట్టేది లేదని తేల్చేసింది. అదే నెలలో కోచ్ స్టారేని తీసేశారు. వాళ్ల బలం చూసి ముచ్చటేస్తుంది. కాకపోతే నాకున్న అనుమానం ఒకటే: ఇలాంటి నిర్ణయాలు గ్రూపులో ఎంతమందిని అడిగి తీసుకోవాలి? ఏ గ్రూపైనా సరే, ఇది ముందే రాసిపెట్టుకుంటే తర్వాత తగవులు ఉండవు.

క్లబ్బే ఊరు దాటిపోతే? ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్బు మిల్టన్ కీన్స్‌కి పోవడానికి అనుమతి దొరికింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టి, కింది లీగ్‌ల నుంచి ఆడుకుంటూ 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. దాని పగ్గాలు అభిమానుల ట్రస్టు చేతిలో ఉన్నాయి. రిజిస్టర్ ఉంది, చందా ఉంది, ఓటు ఉంది. అప్పటికప్పుడు గుంపు కట్టినవాళ్లకి ఇది సాధ్యమయ్యే పని కాదు.

ఇక మన సంగతి. నిజం చెప్పాలంటే అనంతపురంవాడికి హైదరాబాద్ కన్నా బెంగళూరు దగ్గర. ఫుట్‌బాల్ చూడాలంటే కంఠీరవ స్టేడియానికే పోతాం. మ్యాచ్ అయ్యాక మెజెస్టిక్ బస్టాండుకి పరుగెత్తి బస్సు ఎక్కితే ఇల్లు చేరేసరికి తెల్లవారబోతుంటుంది. అక్కడ బెంగళూరు ఎఫ్‌సీ అభిమానుల గ్రూపు వెస్ట్ బ్లాక్ బ్లూస్ పాటలు లేకపోతే మ్యాచ్ చప్పగా ఉంటుంది, ఆ గౌరవం వాళ్లకి ఇవ్వాల్సిందే. అయితే వర్కింగ్ డే రాత్రి ఏడున్నరకి మ్యాచ్ పెడితే మనకుండే తిప్పలు బెంగళూరులో ఉండేవాడికి తట్టవు. మన మాట మనమే చెప్పుకోవాలి.

అందుకే ఇక్కడ కూడా ఒక గ్రూపు పెట్టాలని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. పెట్టండి. మనిషికి 50 రూపాయలు చందా పెట్టి, వచ్చిందీ ఖర్చయిందీ నెలనెలా గ్రూపులోనే పోస్ట్ చేయండి. ఏడాదికోసారి అడ్మిన్‌ని మార్చే ఓటింగ్ పెట్టండి. ఆర్డీటీ గ్రౌండ్‌లో ఆడే అమ్మాయిల్లో కనీసం ఇద్దరు కమిటీలో ఉండాలి. మనలో చాలామంది కన్నా ఆట బాగా తెలిసినవాళ్లు వాళ్లే. క్లబ్బు వాళ్లు ఫ్రీ టికెట్లు ఇస్తామంటే మాత్రం వద్దనండి. ఫ్రీ టికెట్ తీసుకున్నవాడు రేపు టికెట్ ధర పెంచితే ఏ మొహంతో అడుగుతాడు?