ఇంటికి వచ్చాక మొదలయ్యే వైద్యం

శ్రోతలకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ల గురించి ఇళ్లలో తరచుగా వినపడే మాట ఒకటుంది. "డెబ్బై దాటాయి కదండీ, ఇంకేం నడుస్తారు? ఉన్నన్నాళ్లు కూర్చోబెట్టి చూసుకుంటాం." ప్రేమతో అనే మాటే ఇది. కానీ ఈ మాట వల్లే లేచి తిరగగలిగిన మనిషి మంచం పట్టేస్తాడు. వయసు మీద పడితే కోలుకోవడం నెమ్మదిస్తుంది, నిజమే. అసలు కోలుకోరు అనుకోవడం మాత్రం తప్పు.

మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. ఎక్కువమందిలో జరిగేది పూడుకుపోవడమే. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేకపోతే నాళాల గోడలు మందమెక్కి గట్టిపడతాయి. దానికి షుగరు, పొగ, కొలెస్ట్రాల్ తోడైతే మెడలోని పెద్ద నాళాల్లో కొవ్వు పేరుకుంటుంది. పెద్ద వయసులో మరో కారణం కూడా ఉంది. గుండె లయ తప్పి కొట్టుకోవడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండెలో గడ్డకట్టిన రక్తం అక్కడి నుంచి మెదడుకి వెళ్లి అడ్డం పడుతుంది. ఇది ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. బీపీ చూపించుకున్నప్పుడు నాడి కూడా చూడమని అడగండి, తేడా అనిపిస్తే ఈసీజీ తీస్తారు.

మూతి ఒక పక్కకి లాగినా, ఎత్తిన చెయ్యి జారిపోతున్నా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ లెక్క మీరు చూసిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది. అందుకే ఆ టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. పాడేరు నుంచో, శ్రీకాకుళం నుంచో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రావాలంటే దారిలోనే గంటలు గడిచిపోతాయి. అలాంటిది పసరు మందు కోసమని ముందు ఇంకో ఊరు తిరిగితే ఇంక మిగిలేదేముంది? ఇంట్లో ఆస్పిరిన్ కూడా వేయకండి. నాళం చిట్లిందో, పూడుకుపోయిందో స్కానింగ్ తీస్తేగానీ తెలియదు.

ఇక డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక సంగతి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. దెబ్బతిన్న మెదడు భాగం చేసే పనిని పక్క భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. అయితే ఆ పని పదేపదే చేయిస్తేనే నేర్చుకుంటాయి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఫిజియోథెరపిస్టు వచ్చి అరగంట చేయించి వెళ్తే సరిపోదు, మిగతా రోజంతా ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

చొక్కా సంగతే తీసుకోండి. కోడలో కొడుకో గబగబా తొడిగేస్తే రెండు నిమిషాల పని. ఆయన చేతే తొడిగిస్తే పావుగంట. ఆ పావుగంటే వైద్యం. పడిపోయిన చేతిని ముందు చొక్కా చేతిలోకి పోనివ్వాలి, తర్వాత బాగున్న చెయ్యి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. గుండీలు పట్టకపోతే మొదట్లో ఒక్కటే పెట్టించండి. లేపేటప్పుడు మాత్రం పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి. పట్టు సడలిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పికి భయపడి ఆయన ఇంక వ్యాయామమే చేయనంటారు.

తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. ఆసుపత్రిలో మింగడం పరీక్షించి పర్వాలేదన్నాకే నోటితో పెట్టాలి. పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా ఇవ్వండి. తింటూ దగ్గినా, గొంతు తడిగా గరగరలాడినా ఆపేసి డాక్టరుకి చెప్పండి.

మాట పోయినవాళ్లకి తెలివి పోలేదు. వాళ్ల ముందే వాళ్ల గురించి "పాపం" అని మాట్లాడుకోవడం ఎంత బాధ పెడుతుందో ఆలోచించండి. అవును, కాదు అని తలూపి చెప్పగలిగే ప్రశ్నలు అడిగి, జవాబు కోసం ఆగండి. పేరు అడిగితే చెప్పలేని మనిషి సింహాద్రి అప్పన్నకి దండం పెడుతూ గోవింద నామం స్పష్టంగా అనేయొచ్చు. ఏళ్లుగా నోట నానిన మాటలకి మెదడులో దారి వేరు. పక్షవాతం వచ్చినవాళ్లలో మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఏడుస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మొండితనం అనుకోకండి, దానికీ మందులున్నాయి.

బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేసేవాళ్లు చాలామంది. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్‌గా ఉంది. రెండోసారి రాకుండా కాపాడేది అదే. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా, దాటకూడదు. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాల్లో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మన తీరంలో ఎండుచేప లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

విశాఖలో కొండవాలు మీద ఇళ్లున్నవాళ్లకి ఇంకో కష్టం. మెట్లు దిగలేక ఫిజియోథెరపీకి రావడమే మానేస్తారు. నిలబడటం కుదిరి, ఫిజియోథెరపిస్టు సరేనన్నాక మెట్లు నేర్పించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. ఎక్కినా, దిగినా పట్టుకునే మనిషి ఒక మెట్టు కిందనే, బలహీనమైన వైపు ఉండాలి. గోడకి కమ్మీ బిగించుకోగలిగితే బాగున్న చెయ్యి వైపు ఉండేలా చూసుకోండి. దిగేటప్పుడు వైపు మారుతుంది కాబట్టి, వీలైతే రెండు పక్కలా బిగించండి.

నమస్కారం.