‘ఇంట్లో కారు ఉందిగా?’: బైక్ వెనక ట్రైలర్ మీద స్టూడియో చర్చ, పూర్తి పాఠం

హైవే మీద ఓ టూరింగ్ బైక్, దాని వెనక పాములా ఊగిపోతున్న చిన్న ట్రైలర్. ఈ వీడియో వారం రోజులుగా డాలస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నడిపినాయన మనవాడేనని కొందరు, కాదని కొందరు. దాని మీద పెట్టిన చర్చ ఇది. పాల్గొన్నవారు: తొమ్మిదేళ్లుగా బైక్‌కి ట్రైలర్ కట్టి తిరుగుతున్న ఒక రైడర్, రిటైరైన మెకానికల్ ఇంజినీర్ ఒకరు, ఇన్సూరెన్స్ ఏజెంట్‌గా పనిచేస్తున్న ఒక మేడమ్. మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాం. ముగ్గురూ ఒకేసారి అరిచిన చోట్ల మాత్రం మా వల్ల కాలేదు.

వ్యాఖ్యాత: నమస్కారం. ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని ముందే చెప్తున్నా. రైడర్ గారూ, ఇంట్లో కారు ఉంది కదండీ. బైక్‌కి ట్రైలర్ ఎందుకసలు?

రైడర్: కారు ఉందని బైక్ అమ్ముకోం కదండీ! నాది గోల్డ్‌వింగ్, హోండా వాళ్ల పెద్ద టూరింగ్ బైక్. 1833 సీసీ, ఆరు సిలిండర్లు. లాగడానికి దానికి శక్తి చాలకపోవడం అనేదే లేదు. 2018లో కొత్త మోడల్ వచ్చింది, బరువు తగ్గింది, బాగుంది. కానీ సామాను చోటు 150 లీటర్లు ఉండేది 110కి దిగింది. 2021లో వెనక ట్రంకు 50 నుంచి 61 లీటర్లు చేశారు. ఇద్దరం వారం రోజులు తిరిగొస్తే టెంటు ఎక్కడ పెట్టాలి? ఐసు పెట్టుకునే కూలర్ డబ్బా ఎక్కడ పెట్టాలి? మా ఆవిడ ఆవకాయ జాడీ లేకుండా కౌంటీ దాటదు.

వ్యాఖ్యాత: అదే నేనూ అంటున్నా. కారులో అయితే రెండు జాడీలు పడతాయి.

(నవ్వులు)

ఇంజినీర్: ఒక్క నిమిషం. ఆయన తయారీదారు పుస్తకం చూశారా అని అడుగుతున్నా. ఓనర్స్ మాన్యువల్‌లోనే ట్రైలర్, సైడ్‌కార్ తగిలించొద్దని రాసి ఉంది. బైక్‌ని వాటి కోసం తయారు చేయలేదు, నడక దెబ్బతింటుంది అని...

రైడర్: సార్, అది లాయర్లు రాసిన వాక్యం!

ఇంజినీర్: లాయర్లు రాసినా ఇంజినీర్లు చెబితేనే రాస్తారు.

రైడర్: ఈ దేశంలో గోల్డ్‌వింగ్ వెనక ట్రైలర్ దశాబ్దాలుగా నడుస్తోంది సార్. రిటైరైన అమెరికన్లు, తెల్ల గడ్డాలు, భార్యాభర్తలు, వెనక గుడారం ట్రైలర్. ఎవరూ ఊగలేదు. ఆ వీడియోలో తప్పు ట్రైలర్‌ది కాదు, సర్దినవాడిది. నేను చూడగానే చెప్పా. బరువంతా వెనక పెట్టాడు.

వ్యాఖ్యాత: ఎలా తెలిసింది?

రైడర్: మాది గుంటూరు జిల్లా. మా తాతకి ఎడ్ల బండి ఉండేది. బస్తాలు వెనక్కి సర్దితే ఏమవుతుంది? నొగ పైకి లేస్తుంది, ఎద్దు మెడ మీద కాడి ఆనదు. బండి తన దారిన తను ఊగుతుంది. ఇదీ అంతే. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే బైక్‌కి ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడాలి. నాది సామానుతో కలిపి 250 పౌండ్లు. అంటే 25 నుంచి 37 పౌండ్ల దాకా. ఎలా కొలుస్తానంటారా? బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ గరాజ్‌లోకి తెచ్చి, దాని మీద చెక్క ముక్క నిలబెట్టి, హిచ్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో ట్రైలర్ ముక్కు ఆనించి చూస్తా. పోయినసారి 19 చూపించింది. కూలర్ ముందుకి జరిపా. 31 అయింది. బయల్దేరాం.

ఇంజినీర్: ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. కానీ...

రైడర్: చూశారా! సార్ ఒప్పుకున్నారు.

ఇంజినీర్: నేను ‘కానీ’ అన్నా! పదిహేను శాతం దాటితే ఏమవుతుందో కూడా చెప్పండి. వెనక బరువెక్కి ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ మాట వినదు. పైగా ఈ చిన్న ట్రైలర్లలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. మలుపులో గట్టిగా బ్రేక్ వేస్తే వెనక నుంచి నెట్టేది అదే. ఇక వేగం. 60 మైళ్ల నుంచి 75కి వెళ్తే పావు వంతే కదా పెరిగింది అనుకుంటారు. ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాలిఫోర్నియాలో ఏ వాహనం ట్రైలర్ లాగినా 55 మైళ్లే పరిమితి. ఊరికే పెట్టలేదు.

వ్యాఖ్యాత: అంటే ముందు నుయ్యి, వెనక ట్రైలర్ అన్నమాట!

ఇన్సూరెన్స్ ఏజెంట్: నేనొకటి చెప్పొచ్చా? ప్రమాదం జరిగితే ఎవరు కడతారు అన్నది అసలు ప్రశ్న. బైక్ పాలసీ ఉంది కదా అని...

వ్యాఖ్యాత: వస్తా మేడమ్, మీ దగ్గరికే వస్తా. రైడర్ గారూ, మీ పిల్లలు ఏమంటారు? ‘డాడీ, కారులో వెళ్దాం’ అనరా?

రైడర్: పిల్లలు కాలేజీల్లో ఉన్నారండీ. వాళ్లకి డాడీ ఎక్కడున్నాడో కూడా తెలీదు. నేను సార్‌కి జవాబు చెప్పాలి. బ్రేకులు లేవన్నారు. అందుకే ముందున్న బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదులుతా. ఊగడం మొదలైతే బ్రేక్ తొక్కకూడదు. థ్రాటిల్ మెల్లగా వదలాలి, హ్యాండిల్ నిటారుగా పట్టుకోవాలి, అంతే. వీడియోలో ఆయన ఏం చేశాడు? బ్రేక్ లైట్ వెలగడం చూడలేదా? అంతా అక్కడే ఉంది! ఇంకోటి, హిచ్ దగ్గర స్వివెల్ ఉంటుంది, అటూ ఇటూ తిరిగే కీలు లాంటిది. బైక్ వాలినా ట్రైలర్ నిటారుగానే ఉంటుంది. ట్రైలర్ బోల్తా పడినా బైక్‌ని మెలిపెట్టి పడేయదు.

ఇంజినీర్: పడేయదు అని గ్యారంటీ ఇవ్వకండి.

రైడర్: గ్యారంటీ ఇవ్వట్లేదు, నా తొమ్మిదేళ్లు చెప్తున్నా. టెక్సస్ హిల్ కంట్రీలో ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు, 335, 336, 337 రోడ్లు. ట్రైలర్‌తో రెండుసార్లు తిరిగా.

వ్యాఖ్యాత: ఆ రోడ్లు చాలా బాగుంటాయట కదా? అక్కడ లీకీ ఊళ్లో ఎక్కడ తింటారు?

(ఇక్కడ దాదాపు నాలుగు నిమిషాలు బార్బెక్యూ గురించి నడిచింది. వదిలేశాం.)

ఇంజినీర్: ...బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ నిషేధించలేదు, లెక్క పెట్టారు. ట్రైలర్ సామానుతో కలిపి 150 కిలోలు, లేదా బైక్ బరువులో మూడింట రెండు వంతులు, రెండింట్లో ఏది తక్కువైతే అది. వెడల్పు ఒక మీటరే. బైక్ 125 సీసీ దాటి ఉండాలి. మోటార్‌వే మీద 60 మైళ్లు. నేను అడిగేది కూడా...

వ్యాఖ్యాత: మన ఊళ్లలో అయితే ఈ లెక్కలేవీ ఉండవు కదండీ. మోపెడ్‌కి తోపుడుబండి కట్టి ఉల్లిపాయలు అమ్మేస్తారు!

రైడర్: అదీ! వాళ్లెవరూ ఇంజినీరింగ్ చదవలేదు.

ఇంజినీర్: వాళ్లు 75 మైళ్ల వేగంతో పోవట్లేదు బాబూ! అక్కడా 1988 చట్టంలో సైడ్‌కార్‌ని మోటార్‌సైకిల్‌లో భాగంగా చూశారు, ట్రైలర్‌కి వేరే నిర్వచనం ఇచ్చారు. రెండూ ఒకటి కావు.

వ్యాఖ్యాత: మూడు చక్రాల బండి తీసుకోవచ్చుగా? అది దాదాపు కారే కదా?

ఇంజినీర్: అదే చెప్పబోతున్నా. కాన్-ఆమ్ స్పైడర్ అని మూడు చక్రాల బండి ఉంది, దానికి తయారీదారే 622 లీటర్ల ట్రైలర్ అమ్మారు. తయారీదారు ఒప్పుకున్న చోట లాగండి, ఎవరు కాదన్నారు?

రైడర్: మలుపులో వాలని బండి నాకెందుకు సార్! (గొంతు పెంచి) అసలు ఊగడం గురించే మాట్లాడతారు, బేరింగుల గురించి ఒక్కరూ మాట్లాడరు. ట్రైలర్ చక్రం చిన్నది. బైక్ చక్రం ఒకసారి తిరిగేలోపు అది ఒకటిన్నర సార్లు తిరుగుతుంది. గ్రీజు ఆరిపోతే కాలుతుంది. పెట్రోల్‌కి ఆగిన ప్రతిసారీ చేతి వెనక భాగంతో హబ్, అంటే చక్రం నడిమి భాగం, ముట్టుకుని చూస్తా. వెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి లాక్కునేంత వేడిగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. ఒకసారి అబిలీన్ దగ్గర ఎడమ చక్రం అలాగే అయింది. మూడు గంటలు ఎండలో కూర్చున్నాం. నేను దాచుకోవట్లేదు.

ఇన్సూరెన్స్ ఏజెంట్: ఆ రోజు చక్రం ఊడి పక్క కారుకి తగిలుంటే? మీ పాలసీలో వేటికి కవరేజీ ఉందో రాసే డిక్లరేషన్స్ పేజీలో ట్రైలర్ ఉందా?

రైడర్: ఉంటుందండీ, ఎందుకుండదు?

ఇన్సూరెన్స్ ఏజెంట్: పేజీ తీసి చూశారా, లేక ఉందని అనుకున్నారా?

రైడర్: మేడమ్, తొమ్మిదేళ్లలో ఒక్క క్లెయిమ్ లేదు!

ఇన్సూరెన్స్ ఏజెంట్: నేను అడిగింది అది కాదు. ట్రైలర్ వల్ల జరిగే నష్టం ఒకటి, ట్రైలర్‌కే జరిగే నష్టం ఇంకొకటి, లోపలి సామాను మూడోది. ఈ మూడూ...

వ్యాఖ్యాత: మేడమ్, ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: హలో? నమస్తే అండీ. ఇడ్లీ కుక్కర్ పడుతుందా అందులో?

రైడర్: బ్రహ్మాండంగా పడుతుంది! కానీ గ్యాస్ సిలిండర్ మాత్రం నిలబెట్టి కట్టాలి. బరువైనవి ఇరుసు మీదకి, కొంచెం ముందుకి...

ఇంజినీర్: నా పాయింట్ పూర్తి కాలేదు. నేను నిషేధించమనట్లేదు. వేగం...

రైడర్: సార్ వేగం గురించి నాలుగుసార్లు చెప్పారు.

ఇంజినీర్: మీరు నలభైసార్లు మాట్లాడారు!

(ఇద్దరూ ఒకేసారి. రైడర్ గొంతే వినిపిస్తోంది.)

రైడర్: ...తగిలించాక పిన్ను పెట్టామా, రెండు గొలుసులు కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేశామా, ఇండికేటర్ వెలుగుతోందా, అంతే! ఇది చూసుకున్నవాడికి భయం లేదు!

వ్యాఖ్యాత: బాగా చెప్పారు. అంటే జాగ్రత్తగా ఉంటే ప్రమాదమేమీ లేదని ప్యానెల్ అభిప్రాయపడుతోంది...

ఇంజినీర్: ప్యానెల్ కాదు, ఆయన!

వ్యాఖ్యాత: ...టైం అయిపోయింది. రైడర్ గారూ, చివరగా ఒక్క మాట. కారు ఉంది కదా మరి?

రైడర్: ఉందండీ. బ్యాటరీ డౌన్ అయింది, ఆర్నెల్లుగా తీయలేదు. అసలు ఆ గ్రీజు కూడా ఏది పడితే అది పెట్టకూడదండీ, బేరింగుల గ్రీజని విడిగా...

(సంగీతం. ఆయన ఇంకా మాట్లాడుతున్నారు.)