మౌనం వినిపిస్తే మీట తిప్పకండి

శ్రోతలందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి మన రేడియోలో ప్రసారాల వేళలు కొంత మారుతున్నాయి. మూడు కొత్త కార్యక్రమాలు మొదలవుతున్నాయి. ఆ వివరాలు చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

తగ్గేదాని సంగతి ముందే చెప్పేస్తాను. మీరు కోరిన పాటలు ఇకపై రోజూ రావు, ఆదివారం మాత్రమే వస్తాయి. ఇది కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ సినిమా పాట వినడానికి ఇవాళ ఎన్నో దారులున్నాయి. మీ వీధి చివర ఉండే మనిషి గొంతు వినిపించడానికి ఈ చిన్న రేడియో తప్ప వేరే దారి లేదు. ఆ సమయాన్ని ఆ గొంతులకే ఇద్దామని అందరం కూర్చుని అనుకున్నాం.

సోమవారం సాయంత్రం పిల్లల కోసం రేడియో ఎలా పనిచేస్తుందో చెప్పే కార్యక్రమం ఉంటుంది. పెద్దలూ వినవచ్చు. మొదటి భాగం మెరుపుతో మొదలవుతుంది. పాత మీడియం వేవ్ రేడియోలో ఎక్కడో మెరుపు మెరిస్తే చాలు, పాట మధ్యలో చిటపటలు వినిపించేవి. ఆ పద్ధతిలో ధ్వని, రేడియో తరంగం ఎత్తు మీద ప్రయాణిస్తుంది, మెరుపు ఆ ఎత్తునే చెదరగొడుతుంది. ఎఫ్ఎమ్‌లో అలా కాదు. ఎత్తు జోలికి పోకుండా, తరంగం కంపించే వేగంలోని మార్పు మీద ధ్వనిని పంపితే ఆ చిటపటలు చాలావరకు పోతాయని ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు చేసి చూపించాడు. 1933లో పేటెంట్లు పొందాడు. మీరిప్పుడు నా మాట ఇంత శుభ్రంగా వింటున్నారంటే అది ఆయన చలవే.

కొండ వెనక ఇళ్లవాళ్లు మన రేడియో సరిగా అందడం లేదని తరచూ అడుగుతుంటారు. దానికి జవాబు కూడా ఈ కార్యక్రమంలోనే దొరుకుతుంది. ఎఫ్ఎమ్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేర తిన్నగా వెళతాయి. పెద్ద కొండ అడ్డొస్తే దాని వెనక బలహీనపడతాయి. ఒక్కో తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. గోడలకు తగిలి తిరిగి వచ్చేవీ, నేరుగా వచ్చేవీ ఒకచోట కలిసి బలపడితే మరోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే రేడియోను రెండడుగులు పక్కకు జరిపితే గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది. ఈ రాత్రి జరిపి చూడండి.

బుధవారం కార్యక్రమం కొంచెం పెద్దది. మనలాంటి చిన్న రేడియో స్టేషన్ల చరిత్ర. 1940ల చివర బొలీవియాలో గని కార్మికులు తమ జీతంలో కొంత పక్కన పెట్టి సొంత రేడియో స్టేషన్లు పెట్టుకున్నారు. సైనిక ప్రభుత్వాలు వాటిని మూయించాయి, పరికరాలు పగలగొట్టాయి. వాళ్లు మళ్లీ తెరిచారు. 1947లో కొలంబియాలోని సుటటెన్సా అనే కొండ ఊళ్లో ఒక యువ మతగురువు రేడియోతో రైతులకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. ఇక భారతదేశానికి వస్తే, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు రేడియో స్టేషన్ పెట్టుకోవడానికి 2006లో వీలు కలిగింది. తెలుగు నేల మీద జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం ప్రారంభించింది. అంతకుముందు వాళ్లు ఊరికే కూర్చోలేదు. లైసెన్సు కోసం ఎదురుచూస్తూనే ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేశారు, ఆ టేపులను సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. గాలిలోకి పంపే అనుమతి రాకముందే మాట సిద్ధం చేసి పెట్టుకున్న ఆ ఓపిక తలచుకుంటే నాకు గౌరవంతో తల వంగుతుంది. మన దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరూ ఈ భాగం వినాలని నా కోరిక.

ఇక శుక్రవారం రాత్రి ఎనిమిది గంటల కార్యక్రమం. నిజానికి నేను ఈ పూట మైకు ముందుకు వచ్చింది దీని గురించి చెప్పడానికే. పెద్దవాళ్లు తాము చేసిన పని గురించి మాట్లాడతారు. మేము ప్రశ్నలు తక్కువగా వేసి ఎక్కువగా వింటాం.

మొదటి వారం మాట్లాడేది ఒక పోస్ట్‌మన్. ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. చదువు రానివాళ్లకు ఉత్తరాలు చదివి వినిపించడం కూడా ఆయన పనిలో భాగమైపోయింది. రికార్డింగుకు ఆయన ఇంటికే వెళ్లాం. ఫ్యాను ఆపాం, గోడ గడియారాన్ని పక్క గదిలో పెట్టాం. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని మాత్రమే రికార్డు చేశాం. తర్వాత ఎడిటింగులో ఒక దగ్గు తీసేస్తే, ఆ చోట ఆ గది నిశ్శబ్దాన్నే అతికించాలి. లేకపోతే చెవికి గుంతలా తగులుతుంది.

ఆయన గంటన్నర మాట్లాడారు. మధ్యలో ఒకచోట నేను అడిగాను: "చదవడానికి మనసొప్పని ఉత్తరం ఎప్పుడైనా వచ్చిందా అండీ?" ఆయన నోరు తెరిచి, ఆగిపోయారు. చేతిలో సంచీ ఉన్నట్టు ఎడమ భుజం కొద్దిగా వంచారు. తర్వాత చెప్పారు. ఏం చెప్పారో నేను ఇక్కడ చెప్పను, ఆయన గొంతులోనే వినాలి.

ఆ ఆగడం పదకొండు సెకన్లు. స్టూడియోలో దాని మీద మాలో మాకు పెద్ద చర్చే జరిగింది. రేడియోలో పదకొండు సెకన్ల మౌనమంటే చాలా ఎక్కువ. వినేవాళ్లు కరెంటు పోయిందనుకుంటారు, ట్రాన్స్‌మిటర్ పాడైందనుకుంటారు, వేరే స్టేషన్‌కు తిప్పేస్తారు. మూడు సెకన్లకు కుదిద్దామని ఒకరు అన్నారు. కుదించి విన్నాం. ఆయన వెంటనే జవాబు చెప్పినట్టు వినిపించింది. ఆయన వెంటనే చెప్పలేదు. మళ్లీ పదకొండు సెకన్లూ పెట్టేశాం. జాగ్రత్తగా వింటే ఆ మౌనంలో ఆయన ఊపిరి వినబడుతుంది, దూరంగా ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు కూడా.

ఇలా మాట్లాడగల పెద్దవాళ్లు మీ ఇంట్లో, మీ చుట్టుపక్కల ఉంటే చెప్పండి. నేత పనివాళ్లు, మంత్రసానులు, లారీ డ్రైవర్లు, బడి గంట కొట్టినవాళ్లు, ఎవరైనా సరే. మేమే వచ్చి రికార్డు చేస్తాం. వాళ్లు సరేనంటేనే ప్రసారం చేస్తాం. ఒక ప్రతి మీ ఇంటికి ఇస్తాం.

శుక్రవారం రాత్రి వినలేనివాళ్లకు శనివారం ఉదయం ఏడింటికి మళ్లీ వేస్తాం. ఎప్పుడు విన్నా, కార్యక్రమం సగం దాటాక మీ రేడియో మూగబోయినట్టు అనిపిస్తుంది. పాడైంది రేడియో కాదు. దయచేసి మీట మీద చెయ్యి వేయకండి, ఆయన చెప్పబోతున్నారు.

నమస్కారం.