పలక వెనక పెట్టె: చైనాలో "తర్వాత ఎవరు?"

అందరికీ నమస్కారం. చైనా గురించి మాట్లాడతాను అనగానే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "షీ జిన్‌పింగ్ చక్రవర్తి అయిపోయినట్టేనా అండీ?" ఔననేస్తే పని తేలిక, మీరూ నేనూ ఇంటికెళ్లి భోంచేయొచ్చు. కానీ ఆ పోలికలో ఒక పొరపాటుంది. అదేంటో చెప్పాలంటే ముందు మూడు వందల ఏళ్లు వెనక్కెళ్లి, బీజింగ్ రాజప్రాసాదంలో అడుగుపెట్టాలి.

కాంగ్‌షీ చక్రవర్తి 61 ఏళ్లు పాలించాడు. నడక కూడా సరిగ్గా రాని వయసులోనే ఒక కొడుకును యువరాజుగా ప్రకటించాడు. ఆ పిల్లవాడు పెరిగాడు, ముప్పై దాటాడు, తండ్రి ఇంకా గద్దె మీదే ఉన్నాడు. రేపటి రాజు ఎవరో ముందే తెలిస్తే ఆస్థానంలో ఏమవుతుంది? సగం మంది ఇవాళే వెళ్లి ఆయన గుమ్మం ముందు నిలబడతారు. మిగతా సగం మంది ఇంకో కొడుకును ఎగదోస్తారు. కాంగ్‌షీ ఆ యువరాజును 1708లో తీసేశాడు, మరుసటి ఏడు మళ్లీ పెట్టాడు, 1712లో మళ్లీ తీసేశాడు. 1722లో తండ్రి పోయాక గద్దెనెక్కిన యోంగ్‌జెంగ్ నిజంగా తండ్రి ఎంచుకున్నవాడేనా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తెగని వాదన.

ఈ రభసంతా కళ్లారా చూసిన యోంగ్‌జెంగ్ 1723లో ఒక ఉపాయం కనిపెట్టాడు. వారసుడి పేరు చీటీ మీద రాసి, పెట్టెలో పెట్టి, సింహాసనం పైన గోడకు వేలాడే పెద్ద పలక వెనక దాయించాడు. రెండో ప్రతి తన దగ్గరే ఉంచుకున్నాడు. తను పోయాక రెండూ తీసి సరిపోల్చుకోవాలి. చీటీలో ఎవరి పేరుందో కొడుకులకు తెలియదు కాబట్టి అందరూ బుద్ధిగా ఉంటారు. ఇంతకీ ఆ పలక మీద ఏం రాసుందో తెలుసా? నాలుగు అక్షరాలు. దగ్గరి అర్థం చెప్పాలంటే "అంతా బాహాటం, దాపరికం లేదు" అని! దాచిపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఉపాయం పనిచేసింది. 1735లో చీటీ తీస్తే చియెన్‌లోంగ్ పేరు వచ్చింది. ఆయన తాతగారి 61 ఏళ్ల రికార్డును దాటడం మర్యాద కాదని 1796లో కొడుక్కి గద్దె అప్పగించాడు. కానీ 1799లో చనిపోయేదాకా అసలు నిర్ణయాలన్నీ తనే తీసుకున్నాడు. పదవి ఇచ్చాడు, పెత్తనం ఇవ్వలేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

తర్వాత కొన్నాళ్లకు పెట్టెతో పనే లేకుండా పోయింది, రాయడానికి కొడుకులు లేక. 1875లో మూడేళ్ల పిల్లాడిని, 1908లో ఇంకా మూడేళ్లు నిండని పూయీని గద్దెనెక్కించింది సిషీ రాజమాత. తెర వెనక కూర్చుని పాలించిన మనిషి ఆమె. 1912 ఫిబ్రవరిలో పూయీ పేరుతో రాజ్యత్యాగ ప్రకటన వెలువడటంతో రాచరికం ముగిసింది.

ఇప్పుడు పార్టీ దగ్గరికి వద్దాం. కమ్యూనిస్టు పార్టీలో రక్తసంబంధం హక్కు కాదు. మంచిదే. కానీ రక్తం కాకపోతే ఇంకేంటి? ఓట్లా? అవీ లేవు. కాబట్టి పెద్దాయన ఎవరి పేరు చెబితే వాళ్లే. మావో ఎంతమంది పేర్లు చెప్పాడో చూడండి. మొదట లియు షావోచీ. దేశాధ్యక్షుడై కూడా, మావో సొంత పార్టీవాళ్ల మీదికే యువతను ఉసిగొల్పిన సాంస్కృతిక విప్లవంలో పదవి పోగొట్టుకుని, 1969లో కైఫెంగ్‌లో నిర్బంధంలో దిక్కులేని చావు చచ్చాడు. అదే ఏడు ఏప్రిల్‌లో రక్షణ మంత్రి లిన్ బియావోను వారసుడిగా ఏకంగా పార్టీ నిబంధనావళిలోనే రాశారు. పెట్టె లేదు, దాపరికం లేదు, అచ్చులోనే పేరు! రెండున్నరేళ్లు తిరక్కుండా, 1971 సెప్టెంబరు 13న, ఆయన పారిపోతున్న విమానం మంగోలియాలో కూలిపోయింది.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. "చైనా చైర్మన్ మన చైర్మన్" అనే నినాదం శ్రీకాకుళం పోరాట రోజుల్లో మన దగ్గరా వినబడింది. దాన్ని నమ్మినవాళ్లు లిన్ బియావో రాతల్ని కూడా భక్తిగా చదివారు. ఆ మనిషి రాత్రికి రాత్రి ద్రోహి అయిపోతే వాళ్లు ఎంత తికమక పడ్డారో ఊహించుకోండి.

చివరికి మావో 1976 ఏప్రిల్‌లో ప్రధాని హువా గువోఫెంగ్‌కు ఒక కాగితం మీద, పని నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత అన్న అర్థంలో ఒక వాక్యం రాసిచ్చాడు. హువా చేతిలో ఉన్న అధికారపత్రం అదే. సెప్టెంబరు 9న మావో పోయాడు. అక్టోబరు 6న మావో భార్యతో సహా ఆమె వర్గం పెద్దలు నలుగురు అరెస్టయ్యారు. ఇంకో రెండేళ్లకు హువా కూడా పక్కకు జరిగాడు.

హువా తర్వాత పగ్గాలు పట్టిన డెంగ్ జియావోపింగ్ ఇదంతా అనుభవించినవాడు. 1980 ఆగస్టులో ఆయన చేసిన ప్రసంగంలో రెండు జబ్బులను పేరుపెట్టి చెప్పాడు: ఒకే చేతిలో అధికారం, చచ్చేదాకా పదవి. 1982 రాజ్యాంగం దేశాధ్యక్షుడికి రెండు విడతలే అని గీత గీసింది. బాగుంది కదా? కానీ డెంగ్ తను పార్టీ అధినేత పదవే తీసుకోలేదు. సైన్యాన్ని నడిపే సైనిక సంఘం అధ్యక్షుడిగా ఉంటూనే, తను ముందుకు తెచ్చిన పార్టీ అధినేతలు హు యావోబాంగ్‌ను 1987లో, జావో జియాంగ్‌ను 1989లో పంపించేశాడు. ముఖ్యమైన విషయాల్లో డెంగ్‌నే అడగాలని పార్టీ లోపల తీర్మానం ఉందన్న సంగతి, 1989 మే 16న జావో సోవియట్ నేత గోర్బచేవ్‌తో అంటేనే జనానికి తెలిసింది. చియెన్‌లోంగ్ మాట గుర్తొచ్చిందా?

తర్వాత ఇరవై ఏళ్లు చైనాలో అధికార మార్పిడి పద్ధతిగా జరిగిందని చాలామంది అంటారు. జియాంగ్ జెమిన్ నుంచి 2002లో హు జింటావోకు, ఆయన నుంచి 2012లో షీకి. నిజమే. కానీ జియాంగ్‌ను నిలబెట్టింది డెంగ్. 1992లో 49 ఏళ్ల హు జింటావోను పార్టీలో అందరికంటే పైనుండే కొద్దిమంది గుంపు, పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘంలోకి తెచ్చిందీ డెంగే. ఆయన 1997లో చనిపోయాడు. అంటే మనం పద్ధతి అనుకున్నది చాలావరకు ఒక ముసలాయన వదిలిపోయిన చీటీ. ఆ చీటీలో రెండు పేర్లున్నాయి, అంతే. డెంగ్ చీటీ లేకుండా జరిగిన మొదటి మార్పిడి 2012దే. ఆ ఏడే, పై పదవి మీద కన్నేసిన పొలిట్‌బ్యూరో సభ్యుడు బో షీలాయ్ అవినీతి రచ్చ బయటపడటం కాకతాళీయమని నేననుకోను.

2018 మార్చిలో రెండు విడతల గీత చెరిపేశారు. చైనా పార్లమెంటులో 2,958 మంది ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. నిజానికి పార్టీ ప్రధాన కార్యదర్శి పదవికీ, సైనిక సంఘం అధ్యక్ష పదవికీ ఎప్పుడూ గడువు లేదు, అసలు బలం ఆ రెండింటిలోనే ఉంది. అయినా గీత చెరపడం ఎందుకు? నా వారసుడెవరని ఇప్పుడే లెక్కలేసుకోకండి అని చెప్పడానికి. వారసుడు కావచ్చని జనం అనుకున్న పొలిట్‌బ్యూరో మాజీ సభ్యుడు సున్ జెంగ్‌త్సాయ్‌కి అదే ఏడు అవినీతి కేసులో యావజ్జీవం పడింది. పడగొట్టిన యువరాజు కథ మళ్లీ నడిచినట్టే ఉంది, కాకపోతే ఈసారి కొడుకు కాదు.

అందుకే చక్రవర్తి పోలిక నాకు నచ్చదు. చక్రవర్తికి కొడుకులుండేవారు, కనీసం పెట్టెలో చీటీ ఉందని అందరికీ తెలిసేది. ఇవాళ పేరు బయటపెడితే అది ప్రత్యర్థిని తయారుచేయడమే, చెప్పకపోతే ఆ రోజొచ్చినప్పుడు ఏమవుతుందోనన్న టెన్షన్. పలక వెనక పెట్టె ఉందో లేదో కూడా బయటివాళ్లకు తెలియదు.

పార్టీ మహాసభ ముగిశాక కొత్త స్థాయీ సంఘం సభ్యులు వరుసగా నడిచి విలేకరుల ముందుకు వస్తారు. 2022లో వచ్చిన ఏడుగురిలో అందరికంటే చిన్నవాడు డింగ్ షుయెషియాంగ్, 60 ఏళ్లు. తర్వాతి మహాసభ జరగాల్సింది 2027లో. తలుపు తెరుచుకోగానే కెమెరాలన్నీ ముందు నడిచే మనిషి మీదే ఉంటాయి. మీరు మాత్రం వెనకున్నవాళ్ల వయసు చూడండి. 2007లో 54 ఏళ్ల షీ నడిచొచ్చింది ఆరోవాడిగా.